ఆస్పర్జర్స్: పొగరు కాదు, గాలి సోకడం కాదు.. మెదడు తీరే వేరు! అరకు కొండల్లో యువత, తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే

ఒక కుర్రాడిని ఊహించుకోండి. వయసు 19. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ, అరకు.. రైలు స్టేషన్లన్నీ వరుసగా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. లెక్కల్లో దిట్ట. కానీ వారపు సంతకు వెళ్దాం అంటే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడడు. చుట్టాలొస్తే పలకరించకుండా లోపలికి వెళ్లిపోతాడు. ఊళ్లో వాళ్లు "పొగరు" అంటారు. హాస్టల్లో "తేడా మనిషి" అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు "గాలి సోకిందేమో" అని తాయెత్తు కట్టిస్తారు.

అసలు సంగతి ఈ మూడూ కాకపోవచ్చు. అది ఆస్పర్జర్స్ కావచ్చు. ఇలాంటి యువత మైదానంలో ఉన్నారు, కొండల్లోనూ ఉన్నారు. తేడా ఏంటంటే, కొండల్లో వాళ్లకి ఆ పేరు చెప్పేవాళ్లే తక్కువ.

ముఖ్యాంశాలు:
- ఆస్పర్జర్స్ జబ్బు కాదు, ఆటిజంలో ఒక రకం. మందులతో పోయేది కాదు, అలాగని బతుకు పాడు చేసేదీ కాదు.
- 18 ఏళ్లు దాటాక కూడా గుర్తించవచ్చు. సర్టిఫికెట్ తీసుకోవచ్చు.
- 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం నమోదైతే చదువులో, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ వర్తిస్తుంది.
- మనసు బాగోలేకపోతే 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు.

ఆస్పర్జర్స్ అంటే ఏంటి?

మెదడు సమాచారాన్ని అందుకునే తీరు, బయటికి చెప్పే తీరు పుట్టుకతోనే వేరుగా ఉండటమే ఆటిజం. అందులో మాటలు సకాలంలో వచ్చి, తెలివితేటలు మామూలుగా లేదా అంతకంటే ఎక్కువగా ఉండి, నలుగురితో మెలగడంలో మాత్రం ఇబ్బంది పడేవారిని గతంలో ఆస్పర్జర్స్ సిండ్రోమ్ ఉన్నవారు అనేవారు. 2010లో వచ్చిన 'మై నేమ్ ఈజ్ ఖాన్' సినిమాలో షారుఖ్ ఖాన్ పాత్రకి ఉన్నది ఇదే. పర్యావరణ ఉద్యమకారిణి గ్రెటా థన్‌బర్గ్ తనకి ఆస్పర్జర్స్ ఉందని బహిరంగంగానే చెప్పారు. ఎలాన్ మస్క్ కూడా 2021లో ఒక టీవీ షోలో ఇదే మాట చెప్పారు.

అలాగని అందరూ మేధావులైపోరు. కొందరికి లెక్కలు, కొందరికి బొమ్మలు, కొందరికి రైళ్లు. కొందరికి ప్రత్యేకమైన ప్రతిభ ఏదీ ఉండదు. అదీ మామూలే.

పేరు ఎందుకు మారింది?

ఆస్ట్రియా డాక్టర్ హన్స్ ఆస్పర్జర్ 1944లో ఇలాంటి పిల్లల గురించి రాశారు. దాదాపు అవే లక్షణాల గురించి రష్యన్ డాక్టర్ గ్రున్యా సుఖరేవా 1920ల్లోనే రాసినా, ఆ సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 1981లో బ్రిటన్ డాక్టర్ లోర్నా వింగ్ రాసిన వ్యాసంతో ఆస్పర్జర్స్ అనే పేరు ప్రపంచానికి పరిచయమైంది.

2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఈ పేరును తమ జాబితా నుంచి తీసేసి, 'ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్'లో కలిపేసింది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ అంతే. నాజీల కాలంలో ఆస్పర్జర్ పాత్రపై 2018లో వచ్చిన పరిశోధన తర్వాత చాలామంది ఆ పేరు వాడటమే మానేశారు. అందుకే ఇప్పుడు డాక్టర్ కాగితం మీద 'ఆటిజం' అని రాస్తే కంగారు పడకండి. మీరు విన్న ఆస్పర్జర్స్ అందులోనే ఉంది.

పెద్దయ్యాక ఎలా గుర్తుపట్టాలి?

కింద చెప్పినవాటిలో చాలావరకు చిన్నప్పటి నుంచీ ఉండి, చదువుకో పనికో సంబంధాలకో అడ్డం వస్తుంటే డాక్టర్‌ని కలవడం మంచిది.
- వెటకారం, సామెత, సైగ అర్థం కాకపోవడం. అన్న మాటను అన్నట్టే తీసుకోవడం.
- ఎదుటివాళ్లకి విసుగొచ్చిందని తెలియకుండా ఒకే విషయం గంటల తరబడి మాట్లాడటం.
- అనుకున్న పని చివరి నిమిషంలో మారితే తట్టుకోలేకపోవడం.
- చప్పుడు, వాసన, వెలుతురు, తాకిడి.. వీటిలో ఏదో ఒకటి భరించలేకపోవడం.
- నలుగురిలో గంట గడిపాక పూర్తిగా అలిసిపోవడం.

అమ్మాయిల్లో దీన్ని గుర్తించడం ఇంకా కష్టం. చాలామంది పక్కవాళ్లను చూసి నవ్వు, మాట, నడక కాపీ కొడుతూ నెట్టుకొస్తారు. "సిగ్గరి పిల్ల, బుద్ధిమంతురాలు" అని అందరూ మెచ్చుకుంటారు. లోపల ఆ పిల్ల పడే అలసట ఎవరికీ కనిపించదు.

కొండల్లో గుర్తించడం ఎందుకు కష్టం?

మొదటి కారణం భాష. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా లాంటి భాషలు. ఆశ్రమ పాఠశాలలో తెలుగు. కాలేజీకొచ్చాక ఇంగ్లీష్. పిల్లాడు మాట్లాడకపోతే "భాష రాక" అనుకుంటారు. కొన్నిసార్లు అది నిజమే. కొన్నిసార్లు భాష వచ్చినా, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతాడు. ఈ రెండింటి మధ్య తేడా తేలాలంటే ఒకటే మార్గం. ఇంటి భాషలో, ఇంట్లో వాళ్లతో ఎలా మాట్లాడతాడో చూడాలి. అక్కడా అదే ఇబ్బంది ఉంటే ఆటిజం గురించి ఆలోచించాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంటి భాష, తెలుగు రెండూ వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లండి.

రెండో కారణం, పిల్లలు చిన్నప్పుడే హాస్టల్‌కి వెళ్లిపోవడం. తల్లిదండ్రులు చూసేది సెలవుల్లోనే. వార్డెన్‌కి ఒక్కో పిల్లాడిని పట్టి చూసే వీలు తక్కువ. బడిలో గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం.. ఇలా గడియారం ప్రకారం నడిచే చోట ఈ పిల్లలు ఇమిడిపోతారు. ఇంటర్ అయ్యాక విశాఖలో గదిలో ఉండి, సొంతంగా వండుకుని, సొంతంగా టైం చూసుకోవాల్సి వచ్చినప్పుడే ఇబ్బంది బయటపడుతుంది.

మూడోది వయసు. ప్రభుత్వ బాలల ఆరోగ్య పరీక్షల పథకం 18 ఏళ్ల వరకే. ఆ తర్వాత వెతుక్కుంటూ వచ్చి చూసేవాళ్లు ఉండరు. మనమే వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా ఆశా కార్యకర్తకు గానీ, పీహెచ్‌సీ డాక్టర్‌కి గానీ చెప్పండి. అక్కడి నుంచి పాడేరులోని ప్రభుత్వ ఆసుపత్రికి రాయించుకోండి. అక్కడ సైకియాట్రిస్ట్ ఎప్పుడు ఉంటారో కనుక్కుని వెళ్తే దారి ఖర్చు వృథా కాదు. అవసరమైతే విశాఖలోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి పంపిస్తారు. సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ ఈ రంగంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ. మన దేశంలో ఆటిజాన్ని కొలవడానికి వాడే 'ఇసా' ప్రశ్నావళి తయారైంది ఇక్కడే. అందులో 40 అంశాలు ఉంటాయి. 70 కంటే తక్కువ స్కోరు వస్తే ఆటిజం లేనట్టు లెక్క.

రక్తపరీక్ష, స్కానింగ్‌లతో ఆస్పర్జర్స్ తేలదు. డాక్టర్ అడిగేది చిన్నప్పటి కథ. నడక ఎప్పుడొచ్చింది, మాట ఎప్పుడొచ్చింది, ఎవరితో ఆడుకునేవాడు? అందుకే తల్లినో, పెంచిన అమ్మమ్మనో తప్పకుండా తీసుకెళ్లండి. పాత స్కూలు ప్రోగ్రెస్ కార్డులుంటే అవీ పట్టుకెళ్లండి.

సర్టిఫికెట్‌తో లాభం ఏంటి?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఒకటి. సర్టిఫికెట్ కోసం గ్రామ సచివాలయం లేదా మీసేవలో సదరం స్లాట్ బుక్ చేసుకోవాలి. చెప్పిన రోజు క్యాంపుకి వెళ్తే డాక్టర్లు పరీక్షించి శాతం నిర్ణయిస్తారు. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డుకీ దరఖాస్తు చేసుకోవచ్చు.

40 శాతం, ఆపైన ఉంటే:
- ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు 5 శాతం సీట్లు. ప్రవేశానికి గరిష్ఠ వయసులో 5 ఏళ్ల సడలింపు.
- ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్. అందులో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం ఉన్నవారందరికీ కలిపి.
- ఇది సమాంతర రిజర్వేషన్. ఎస్టీ అభ్యర్థి ఎస్టీగా ఉంటూనే దీన్నీ వాడుకోవచ్చు.
- అర్హత ఉన్నవారికి పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం. అవసరమైతే స్క్రైబ్.
- ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలకు పెరిగింది. మిగతా అర్హతలూ సరిపోతేనే ఇది వస్తుంది.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. చదువుకుని, చక్కగా మాట్లాడే ఆస్పర్జర్స్ యువతకి 40 శాతం రాకపోవచ్చు కూడా. పింఛను రాలేదని డాక్టర్ చెప్పిన మాట అబద్ధం అయిపోదు. "నాలో లోపం లేదు, నా తీరు ఇది" అని తెలియడమే చాలామందికి పెద్ద ఊరట. ఆ కాగితం చూపించి కాలేజీలో నిశ్శబ్దంగా ఉండే గది అడగొచ్చు, ముందు బెంచీ అడగొచ్చు.

18 దాటాక గార్డియన్ తప్పనిసరా? కాదు. తన నిర్ణయాలు తాను తీసుకోగలిగిన వ్యక్తికి గార్డియన్ అక్కర్లేదు. బ్యాంకు ఖాతా, ఓటు, పెళ్లి.. అన్నీ అతని హక్కులే.

ఇంట్లో ఏం మార్చాలి?

మార్చాల్సింది మనిషిని కాదు, మనం చెప్పే పద్ధతిని.

"సాయంత్రం కొంచెం త్వరగా రా" అంటే ఎప్పుడు రావాలి? "ఐదున్నరకి ఇంటికి రా" అనండి. "తోట పని చూడు" అనొద్దు. "ముందు ఎర్రగా పండిన కాయలే కోయి. బుట్ట నిండాక తెచ్చి ఇక్కడ పెట్టు" అనండి. రేపు చుట్టాలొస్తారంటే ఈరోజే చెప్పండి. ఎంతమంది, ఎంతసేపు ఉంటారో కూడా చెప్పండి.

సంతకు తీసుకెళ్లాలంటే జనం పెరగకముందే పొద్దున్నే వెళ్లండి. ఏం కొనాలో కాగితం మీద రాసివ్వండి. చెవులు మూసుకుంటే నవ్వొద్దు. చెవుల్లో దూది పెట్టుకున్నా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నా తప్పేం లేదు.

ఇటుకల పండగ, ధింసా కూడా అంతే. ఒకరి నడుము ఒకరు పట్టుకుని గొలుసుకట్టుగా ఆడే ఆట అది. పక్కన తుడుం, డప్పు, మోరి మోగుతుంటాయి. తాకిడి, చప్పుడు భరించలేని అమ్మాయికి అది ఆనందం కాదు, నరకం. ఆమె ఆడలేదని కులాన్ని, ఊరిని చిన్నచూపు చూసినట్టు కాదు. దూరంగా కూర్చుని చూడనివ్వండి. వంట దగ్గరో, లెక్కల దగ్గరో ఒక పని అప్పగించండి. పండగలో తనకీ ఒక చోటు ఉందని తెలిస్తే చాలు.

కాలేజీ, హాస్టల్: మొదటి నెలే కీలకం

కొండ దిగి విశాఖ వెళ్లే కుర్రాడికి ఒకేసారి అన్నీ మారిపోతాయి. ఊరు, తిండి, భాష, నిద్ర.. ఏదీ పాతది కాదు. మొదటి నెలలోనే చాలామంది ఇంటికి తిరిగొచ్చేస్తారు. దాన్ని బద్ధకం అనుకోవద్దు. ముందే కొంత సిద్ధం చేస్తే నిలబడగలరు.
- చేరకముందే ఒకసారి తీసుకెళ్లి కాలేజీ, హాస్టల్, బస్టాప్ చూపించండి. ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోమనండి.
- రోజుకి ఒక టైం టేబుల్ రాసి గోడకి అతికించండి. తినడం, స్నానం కూడా అందులో రాయండి.
- లెక్చరర్లలో ఒకరికి, క్లాస్‌మేట్లలో ఒకరికి విషయం చెప్పి ఉంచండి. ఎవరికి చెప్పాలో నిర్ణయించాల్సింది ఆ విద్యార్థే.
- తలనొప్పి, కోపం, ఏడుపు ముంచుకొస్తే ఎక్కడికెళ్లి పది నిమిషాలు కూర్చోవాలో ముందే చూసుకోవాలి. లైబ్రరీ మూల చాలామందికి పనికొస్తుంది.
- వారంలో ఒక రోజు, ఒకే టైంకి ఇంటికి ఫోన్. ఊళ్లో సిగ్నల్ దొరకకపోతే, దొరికే చోటుకి ఆ టైంకి వెళ్లి నిలబడండి. ఆ ఒక్క ఫోన్ కోసం వారమంతా ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

ఎలాంటి పనులు నప్పుతాయి?

ఒకటే పద్ధతి, తేటతెల్లమైన నియమాలు, చిన్న తేడాను కూడా పట్టుకునే కన్ను.. ఇవి అవసరమైన పనుల్లో ఆస్పర్జర్స్ ఉన్నవారు చాలామంది రాణిస్తారు. అలాంటి పనులు మన కొండల్లోనే ఉన్నాయి. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ రుచి నిలబడేది పచ్చి కాయ కలవకుండా పండిన కాయే కోయడంలో, తొక్క తీసి కడిగి సరిగ్గా ఆరబెట్టడంలో, పురుగు పట్టిన గింజని, విరిగిన గింజని ఏరేయడంలో. పదిమందికి విసుగొచ్చే ఈ పని కొందరికి ప్రాణం. మిరియాలు, పసుపు, రాజ్మా గ్రేడింగ్ కూడా అంతే. తూకం లెక్కలు, స్టోర్ రిజిస్టర్, నర్సరీలో మొక్కల పెంపకం, కంప్యూటర్ డేటా పని, సెల్‌ఫోన్ రిపేరు, ఎలక్ట్రికల్ పని.. ఇవన్నీ ఆలోచించదగ్గవే.

పెద్ద కంపెనీలు కూడా ఈ సంగతి గమనించాయి. సాఫ్ట్‌వేర్ సంస్థ ఎస్ఏపీ 2013లో ఆటిజం ఉన్నవారి కోసమే ప్రత్యేకంగా నియామకాల కార్యక్రమం ప్రకటించింది. దానికి ముందు ప్రయోగం చేసింది మన దేశంలోనే.

పని ఇచ్చేవాళ్లకి ఒక మాట. ఇంటర్వ్యూలో కళ్లలోకి చూడలేదని పక్కన పెట్టకండి. ఒక రోజు పని ఇచ్చి చూడండి. పని కాగితం మీద రాసివ్వండి. తప్పు జరిగితే నలుగురిలో అరవకుండా పక్కకి పిలిచి, ఏది తప్పో సూటిగా చెప్పండి.

జాగ్రత్త: నమ్మకమే ఉచ్చు కావచ్చు

అన్న మాటను అన్నట్టే నమ్మే మనిషిని మోసం చేయడం తేలిక. మన ఏజెన్సీలో దీనికి పెద్ద ప్రమాదమే ఉంది. "ఈ బ్యాగ్ విశాఖ బస్టాండ్‌లో ఒకరికి ఇచ్చేయ్, రెండు వేలిస్తా" అని స్నేహంగా అడిగితే, అందులో గంజాయి ఉందేమో అన్న అనుమానమే రాకపోవచ్చు. గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణంగా చూస్తుంది. నేరం రుజువైతే 10 నుంచి 20 ఏళ్ల జైలు.

"జాగ్రత్తగా ఉండు" అని చెబితే వీళ్లకి ఉపయోగం లేదు. కచ్చితమైన నియమం చెప్పాలి. ఎవరి బ్యాగూ మోయకూడదు. ఎవరికీ ఏటీఎం కార్డు, ఓటీపీ, బ్యాంక్ పాస్‌బుక్ ఇవ్వకూడదు. "ఎవరికీ చెప్పకు" అని ఎవరైనా అంటే, వెంటనే ఇంట్లో చెప్పాలి. నియమం అర్థమైతే దాన్ని గట్టిగా పట్టుకునే గుణం వీళ్లలో చాలామందికి ఉంటుంది. ఇక్కడ అదే రక్ష.

మనసు కుంగితే ఆలస్యం వద్దు

ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఆందోళన, డిప్రెషన్ మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఆత్మహత్య ప్రమాదమూ ఎక్కువే. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఎంతో ఇష్టమైన విషయం గురించి కూడా మాట్లాడకపోవడం కనిపిస్తే వెంటనే పట్టించుకోండి. "నేను లేకపోతే బాగుంటుంది" అన్న మాట వింటే కొట్టిపారేయకండి. టెలీ మానస్ నంబర్ 14416 రోజంతా పనిచేస్తుంది. ఆస్పర్జర్స్‌కి మందు లేకపోయినా ఆందోళనకి, డిప్రెషన్‌కి మంచి వైద్యం ఉంది.

"పూర్తిగా నయం చేస్తాం" అంటే నమ్మకండి

ఇంజెక్షన్‌తో తగ్గిస్తాం, పసరుతో పోగొడతాం, స్టెమ్ సెల్స్‌తో మామూలు మనిషిని చేస్తాం.. ఇలాంటి ప్రకటనలు ఫోన్లలో చాలా తిరుగుతున్నాయి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫార్సు చేయడం లేదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే తేల్చి చెప్పింది. భూమి తాకట్టు పెట్టి, మేకలు అమ్మి అటు పరుగెత్తకండి. ఊళ్లో దిసారి దగ్గరికి వెళ్లడం మీ నమ్మకం. కానీ కొట్టడం, కట్టేయడం, పస్తులుంచడం, వాతలు పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

చివరిగా, ఆ కుర్రాడికి ఓ మాట

ఇది చదువుతున్నది నువ్వే అయితే, నీలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రతి 127 మందిలో దాదాపు ఒకరికి ఆటిజం ఉంది. నీకు స్టేషన్ల వరుస గుర్తుండటం తప్పు కాదు, సంత చప్పుడు భరించలేకపోవడమూ తప్పు కాదు. ఒక నమ్మకమైన మనిషి, ఒక చేతనైన పని, అలిసిపోయినప్పుడు కూర్చోవడానికి ఒక నిశ్శబ్దమైన చోటు.. ఈ మూడూ సంపాదించుకో. ఏ ఒక్కటి లేకపోయినా, అడగడానికి వెనకాడకు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆస్పర్జర్స్ ఉందో లేదో నిర్ధారించాల్సింది డాక్టర్లే. పథకాల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు మీ గ్రామ సచివాలయంలో ఒకసారి కనుక్కోండి.